మీ క్లినిక్ దేని మీద బతుకుతుంది?

ప్రశ్న: నేను ఎండీ జనరల్ మెడిసిన్. వయసు 39. గుంటూరులో ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. ఈమధ్య ప్రతి నెలా మొదటి వారంలో మీటింగు పెట్టి, ఎవరు ఎన్ని అడ్మిషన్లు చేశారు, ఎన్ని స్కాన్లు రాశారు అని తెర మీద వేసి చూపిస్తున్నారు. నా పేరు ఎప్పుడూ కింద నుంచి రెండోదో మూడోదో. సొంతూరు తెనాలిలో క్లినిక్ పెట్టుకోవాలని ఉంది. మా అత్తయ్య "నెల తిరిగేసరికి వచ్చే జీతాన్ని కాలదన్నుకుంటావా" అంటారు. మావారు బ్యాంకు ఉద్యోగి. ఆయన సరేనంటున్నారు. తెనాలిలో మా ఇంటి మేడ మీద పెడితే అద్దె మిగులుతుందని, 40 లక్షలు లోను తీసుకుని ల్యాబు, స్కానింగు ఒకేసారి పెట్టేద్దామని ఆయన ఆలోచన. మానేశాక రెండేళ్ల పాటు 30 కిలోమీటర్ల లోపు ప్రాక్టీసు చేయకూడదని ఆసుపత్రి అగ్రిమెంటులో ఉంది. ఆర్‌ఎంపీలకు కమీషన్ ఇవ్వకపోతే ఓపీ లేవదని క్లాస్‌మేట్లు భయపెడుతున్నారు. ఫీజు ఎంత పెట్టాలో కూడా తెలియడం లేదు. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక డాక్టర్, గుంటూరు

జవాబు: మానేయమనే చెప్తానమ్మా. అయితే ఈ నెలలో వద్దు. మీవారు వేసిన ప్లాను ప్రకారం అసలే వద్దు.

మీ ఉత్తరంలో డ్యూటీలు ఎక్కువయ్యాయనీ, జీతం తక్కువనీ ఎక్కడా లేదు. అవసరం లేని అడ్మిషన్ రాయడానికి మీకు చెయ్యి రావడం లేదు, అంతే. కాబట్టి కొత్త క్లినిక్ గురించి మొదట తేల్చుకోవాల్సింది అది దేని మీద బతుకుతుందన్న సంగతి. ఓపీ ఫీజు మీదా? ల్యాబు, స్కాను, మందుల షాపు, కమీషన్ల మీదా? 40 లక్షలు ఏడేళ్లకు, 10, 11 శాతం వడ్డీకి తీసుకుంటే నెలకు 66 నుంచి 68 వేల దాకా కంతు పడుతుంది. తలనొప్పి అంటూ వచ్చిన మనిషిని మీరు చూస్తుంటే ఆ కంతు కూడా మీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఇప్పుడు తెర మీద కనిపిస్తున్న టార్గెటే అప్పుడు బ్యాంకు మెసేజై ఫోనుకు వస్తుంది. మీవారికి బ్యాంకు లెక్కలు కొత్త కాదు కదా, ఆయనతో ఈ మాట ఇలాగే చెప్పండి.

లోను లేకపోయినా సొంత ప్రాక్టీసు లెక్క కాగితం మీద కనిపించినంత బాగుండదు. ఫీజు 300, రోజుకు 15 మంది, నెలకు 25 రోజులు అనుకుందాం. లక్షా పన్నెండు వేల అయిదు వందలు వస్తుంది. అద్దె, నర్సు, రిసెప్షన్ పిల్ల, ఆయా, కరెంటు, నెట్, చెత్త తీసుకెళ్లే కంపెనీ కలిపి 60 వేలు పోయినా 50 వేల పైన మిగిలినట్టే ఉంది. కానీ మన ఊళ్లలో ఓపీ చీటీ పది, పదిహేను రోజులు చెల్లుతుంది కదా. మొదటిసారి వచ్చినవాళ్లు రిపోర్టులు చూపించడానికి ఒకసారి, మందులు పడలేదని ఇంకోసారి అదే చీటీతో వస్తారు. షుగరు, బీపీ చూసే మీలాంటివాళ్లకు ఈ రెండో రాకలు మరీ ఎక్కువ. ఆ 15 మందిలో అయిదుగురు పాత చీటీ వాళ్లే అయితే వచ్చేది 75 వేలు, చేతిలో మిగిలేది 15 వేలు. మొదటి ఏడాది ఇంత మిగిలినా బాగున్నట్టే. ఏడాదికి సరిపడా ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులతో సహా, విడిగా ఒక అకౌంట్లో వేసుకున్నాకే రాజీనామా కాగితం రాయండి. ఈ నెలలో వద్దన్నది అందుకే.

మీ అత్తయ్యగారి భయాన్ని కొట్టిపారేయను. ఒకటి మాత్రం చూడండి. ఆసుపత్రి మీకిచ్చే డబ్బులో 10 శాతం టీడీఎస్ పట్టుకుని, పీఎఫ్ అనేదే లేకుండా ఇస్తోందా? అలా అయితే కాగితాల మీద మీరు ఉద్యోగి కారు, కన్సల్టెంటు. రేపు వాళ్లు వద్దనుకుంటే నోటీసు ఇచ్చి పంపేస్తారు, గ్రాట్యుటీ కూడా రాదు. కార్పొరేట్ ఆసుపత్రుల్లో చాలామంది డాక్టర్ల పరిస్థితి ఇదే. దీన్ని జీతమనుకుంటున్నది మన ఇళ్లలోవాళ్లే.

ఇక అగ్రిమెంటు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఒక మనిషిని తన వృత్తి చేసుకోనివ్వని ఒప్పందం ఆ మేరకు చెల్లదు. పనిలో ఉన్నంతకాలం బయట ప్రాక్టీసు చేయొద్దని అడ్డుపెట్టవచ్చు. మానేశాక కూడా చేయొద్దంటే కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. కాబట్టి ఆ 30 కిలోమీటర్ల షరతు చూసి తెనాలి ఆలోచన మానుకోకండి. నోటీసు పీరియడూ, బాండు డబ్బూ మాత్రం వేరే సంగతి. కనీసం ఇంతకాలం చేస్తానని ఒప్పుకుని మధ్యలో మానేస్తే సొమ్ము కట్టాలన్న షరతు చెల్లుతుందని 2025లో ఒక బ్యాంకు ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ అగ్రిమెంటులో అలాంటి పేరాలు ఎన్ని ఉన్నాయో లాయరు చేత చదివించండి. నోటీసు పీరియడ్ ఒక్కరోజు కూడా ఎగ్గొట్టకండి.

వెళ్లేటప్పుడు ఆసుపత్రి కంప్యూటర్లోంచి పేషెంట్ల ఫోన్ నంబర్లు తీసుకెళ్లొద్దు. ఆ అవసరమూ లేదు. తొమ్మిదేళ్లుగా మీ దగ్గరికి వస్తున్న షుగరు పేషెంటు, మీరు కనిపించని నెలలోనే "మా డాక్టరమ్మ ఏ ఊరెళ్లింది" అని వార్డుబాయ్‌ని అడిగి తెలుసుకుంటాడు. వైద్యవృత్తి ప్రవర్తన మీద 2002లో వచ్చిన నిబంధనలు ప్రకటనలు వద్దంటాయి గానీ, ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు, చిరునామా మారినప్పుడు పేపర్లో తెలియజేయడానికి ఒప్పుకుంటాయి. జిల్లా ఎడిషన్లో పేరు, డిగ్రీ, చిరునామా, వేళలతో చిన్న ప్రకటన చాలు. నిలువెత్తు ఫ్లెక్సీలూ, ఆటోకి మైకు కట్టి తిప్పడాలూ వద్దు. పక్కవాళ్లు చేస్తున్నారని మీరూ చేయనక్కర్లేదు.

మేడ మీద క్లినిక్ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. మీ దగ్గరికి వచ్చేదెవరు? మోకాళ్లు అరిగిన అరవై ఏళ్ల ఆవిడ, ఆయాసం ఉన్న పెద్దాయన, పాదానికి పుండుపడి కట్టు కట్టించుకున్న షుగరు పేషెంటు. వీళ్లు మెట్లెక్కరు. ఒకసారి ఎక్కినా రెండోసారి కింద ఉన్న డాక్టరు దగ్గరికే పోతారు. అద్దె ఎంతైనా గ్రౌండ్ ఫ్లోరే తీసుకోండి. గుమ్మం దాకా ఆటో రావాలి. ఓపీ గదికి దగ్గర్లో శుభ్రమైన బాత్రూమ్ ఉండాలి, అందులో పట్టుకోవడానికి గోడకు రాడ్డు ఉండాలి. యూరిన్ శాంపిల్ ఇవ్వమంటే ఇబ్బందిపడి రేపొస్తానని వెళ్లిపోయే ఆడవాళ్లు ఎంతమందో మీకూ తెలిసే ఉంటుంది. గుంటూరు కొత్తపేట, విజయవాడ సూర్యారావుపేట లాంటి డాక్టర్ల వీధులే ఏ ఊళ్లోనైనా మంచివని చాలామంది అనుకుంటారు. సర్జన్లకు అది నిజమే. నెలనెలా మందులు మార్పించుకోవడానికి వచ్చేవాళ్లకు బస్టాండుకో రైల్వే స్టేషనుకో నడిచేంత దూరంలో ఉంటే చాలు.

బోర్డు గురించి మీరు అడగలేదు, నేనే చెప్తాను. లేడీ డాక్టరంటే కాన్పుల డాక్టరే అన్న లెక్క మన ఊళ్లలో ఇంకా పోలేదు. తొలితరం తెలుగు వైద్యురాళ్లలో పేరున్నవాళ్లు, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు వెళ్లిన కొమర్రాజు అచ్చమాంబగారి లాంటివాళ్లు, తల్లీబిడ్డల వైద్యంలోనే ఎక్కువ పేరు తెచ్చుకున్నారు. ఆ అలవాటు అలా నిలిచిపోయింది. మొదటి మూడు నెలలూ "స్కానింగ్ చేస్తారా అమ్మా, డెలివరీకి ఎంతవుతుంది" అని అడిగేవాళ్లు వస్తూనే ఉంటారు. విసుక్కోకుండా ఊళ్లో మీకు నమ్మకమున్న గైనకాలజిస్టు పేరు చెప్పి పంపండి. బోర్డు మీద "ఎండీ, జనరల్ మెడిసిన్" కింద "షుగరు, బీపీ, థైరాయిడ్, జ్వరాలు, ఆయాసం" అని పెద్ద తెలుగు అక్షరాల్లో రాయించండి. డయాబెటాలజిస్టు అని రాయకండి, ఆ డిగ్రీ మీకు లేదు.

ఇదే మీకు కలిసొచ్చేది కూడా. ఆడ ఫిజీషియన్ కూర్చున్న ఊళ్లో, మగ డాక్టరు ముందు ఎప్పుడూ నోరు విప్పని సంగతులు బయటికొస్తాయి. దగ్గితే మూత్రం పడిపోతుందనీ, షుగరు పెరిగినప్పటి నుంచి కింద దురదనీ, రాత్రిళ్లు నిద్ర పట్టక ఏడుపొస్తోందనీ చెప్తారు. చీటీ మీద మాత్రం "నీరసం" అని ఉంటుంది. కోడలిని అత్తగారు వెంటబెట్టుకుని వస్తుంది. ప్రశ్న కోడలిని అడిగితే జవాబు అత్తగారు చెప్తుంది. గదిలో ఒక పక్క మంచం, చుట్టూ నిండా తెర ఉండాలి. "బీపీ చూడాలి, మీరు రెండు నిమిషాలు బయట కూర్చోండమ్మా" అని అత్తగారిని మర్యాదగా పంపే అలవాటున్న నర్సు కావాలి. డిగ్రీ ఎక్కువున్న నర్సు కంటే ఇలాంటి నర్సుకు రెండు వేలు ఎక్కువైనా ఇవ్వండి.

వేళల విషయంలో ఊరి పద్ధతికి పోకండి. అందరూ పొద్దున 10 నుంచి 1, సాయంత్రం 6 నుంచి 9 చూస్తారు. సాయంత్రం ఓపీ అంటే మీ పిల్లల చదువు, వంట, రాత్రి ఇంటికి చేరడం అన్నీ దాని కిందికే పోతాయి. అసలు మీ పేషెంట్లకు సాయంత్రం అవసరమే తక్కువ. పల్లె నుంచి పరగడుపున మొదటి బస్సుకి వస్తారు. ఏడున్నరకు రక్తమిచ్చి, పక్క హోటల్లో ఇడ్లీ తిని, రెండు గంటలాగి మళ్లీ రక్తమిచ్చి, పదిన్నరకల్లా రిపోర్టులతో మీ ముందుంటారు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరితే వాళ్లకు పనిరోజు పూర్తిగా పోదు. పొద్దున 8 నుంచి 2 వరకు గట్టిగా కూర్చోండి. ఉద్యోగస్థుల కోసం వారంలో రెండు సాయంత్రాలు చాలు. ఎప్పుడు తెరవాలంటే జూలై, ఆగస్టుల్లో. వానలు పడ్డాక డెంగీ, టైఫాయిడ్ జ్వరాలతో ఓపీ దానంతటదే వస్తుంది. అప్పుడు చూపించుకున్నవాళ్లే తర్వాత తమ అమ్మానాన్నల షుగరు ఫైళ్లు పట్టుకొస్తారు. ఆ రోజులకు శ్రావణమూ కలిసొస్తుంది కాబట్టి ముహూర్తం విషయంలో అత్తయ్యగారికీ అభ్యంతరం ఉండదు.

ఇప్పుడు అసలు గొడవకు వస్తాను. బోర్డు పెట్టిన మొదటి వారంలో పేషెంట్ల కంటే ముందు ముగ్గురు వస్తారు. మెడికల్ రెప్పు, ల్యాబు మార్కెటింగ్ కుర్రాడు, చుట్టుపక్కల పల్లెల ఆర్‌ఎంపీ. మూడోవాడు స్టూలు మీద కూర్చుని కాసేపు ఊరి సంగతులు చెప్పి, లేచేటప్పుడు "మేడమ్, ఆ డాక్టరుగారు ఇంత ఇస్తారు, మీరెంత చూస్తారు" అంటాడు. కేసు పంపినందుకు డబ్బు ఇవ్వడం, తీసుకోవడం రెండూ ఆ 2002 నిబంధనల ప్రకారం తప్పే. అది అలా ఉంచి లెక్క చూడండి. 300 ఫీజులో మీరు అతనికి ఏమివ్వగలరు? ఏమీ ఇవ్వలేరు. ఇవ్వాలంటే టెస్టులు పెంచాలి, సెలైన్లు ఎక్కించాలి, రెండు రోజులు పడుకోబెట్టాలి. ఏది వద్దని గుంటూరు వదిలి వస్తున్నారో అదే మళ్లీ చేయాలి. క్లాస్‌మేట్లు చెప్పింది అబద్ధం కాదు. కమీషన్ ఇవ్వని ప్రాక్టీసు నెమ్మదిగానే లేస్తుంది. ఆ నెమ్మదిని తట్టుకోవడానికే ఏడాది ఖర్చు పక్కన పెట్టమన్నాను, లోను వద్దన్నాను.

అలాగని ఆర్‌ఎంపీని గుమ్మంలోంచే పంపేయకండి. అర్ధరాత్రి ఆ ఊళ్లో ఎవరికైనా ఛాతీలో నొప్పి వస్తే మొదట తలుపు తట్టేది అతనిదే. టీ ఇవ్వండి, డబ్బు మాట మాత్రం మొదటిరోజే తేల్చేయండి. "నా దగ్గర కమీషన్ లేదు. మీరు పంపిన మనిషికి జబ్బేంటో ఫోన్ చేసి చెప్తాను. సీరియస్ కేసు ఏ టైములో పంపినా ఎక్కడికి తీసుకెళ్లాలో చెప్తాను" అనండి. జ్వరానికి మొదటిరోజే డెక్సా అనే స్టెరాయిడ్ ఇంజెక్షనూ, యాంటీబయాటిక్కూ ఎందుకు కొట్టకూడదో మొహమాటం లేకుండా చెప్పండి. పదిమందిలో ఎనిమిది మంది మళ్లీ రారు. మిగిలిన ఇద్దరూ తమ ఇంట్లోవాళ్లను మీ దగ్గరికే తీసుకొస్తారు.

ల్యాబు కుర్రాడికి ఇంకో మాట చెప్పండి. "నాకివ్వాలనుకున్నది పేషెంటు బిల్లులో తగ్గించండి." సరేనన్న ల్యాబుతోనే పనిచేయండి. మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష మీ చీటీతో వెళ్తే ఇంత తక్కువ అన్న మాట ఆటోస్టాండు దాకా పాకడానికి ఎక్కువ రోజులు పట్టదు. మీ క్లినిక్కి అంతకుమించిన ప్రకటన అక్కర్లేదు. సొంత ల్యాబు, మందుల షాపు మొదటి రెండేళ్లు వద్దే వద్దు. పక్క గదిలో ఎవరైనా మెడికల్ షాపు పెడతానంటే వాళ్ల అద్దె వాళ్లే ఓనరుకు కడతారు, అమ్మకంలో మీకు వాటా లేదు. స్కానింగు మాట అసలే వద్దు. అల్ట్రాసౌండ్ మిషన్ కొంటే కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పకూడదనే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద రిజిస్ట్రేషన్, అర్హత ఉన్న డాక్టరు, రికార్డులు, తనిఖీలు అన్నీ తప్పవు. ఫిజీషియన్ ఓపీకి అంత బరువెందుకు?

కొనాల్సినవి వేరే ఉన్నాయి. మంచి ఈసీజీ మిషన్, పల్స్ ఆక్సీమీటర్, నెబ్యులైజర్, ఆక్సిజన్ సిలిండర్. అడ్రినలిన్, హైడ్రోకార్టిజోన్, 25 శాతం డెక్స్ట్రోజ్, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఉన్న ట్రే ఒకటి. గుండెపోటు వచ్చిన మనిషికి మీది ఓపీ క్లినిక్ అని తెలియదు, దగ్గర్లో ఉందని వస్తాడు. పది నిమిషాల్లో ఈసీజీ తీసి, 108కి ఫోన్ చేసి, ఎక్కడికి పంపాలో ముందే మాట్లాడుకున్న ఆసుపత్రికి పంపగలగాలి. అడ్మిషన్ అవసరమైన మిగతావాళ్ల కోసం ఊళ్లో ఒక నర్సింగ్ హోమ్‌లో విజిటింగ్ కన్సల్టెంటుగా మాట్లాడుకోండి. బెడ్లు వాళ్లవి, రౌండ్లు మీవి.

కాగితాల పని విసుగే గానీ కష్టం కాదు. 2002 నాటి ప్రైవేట్ మెడికల్ కేర్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసులో రిజిస్ట్రేషన్, బయోమెడికల్ చెత్తకు 2016 రూల్స్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, ఆ చెత్త తీసుకెళ్లే కంపెనీతో ఒప్పందం, పేషెంటు కేసు వేస్తే పరిహారం భరించే ఇండెమ్నిటీ పాలసీ మీ పేరు మీద. సూదులు తెల్ల డబ్బాలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి. ఆయాకి మొదటిరోజే చూపించండి, లేకపోతే అన్నీ ఒకే బుట్టలో పడతాయి. వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది కాబట్టి ప్రతి పేషెంటు చీటీకీ మీ దగ్గర కాపీ ఉండాలి. చూసే ఫీజుకు జీఎస్టీ లేదు. ఆదాయపు పన్నులో రాబడిలో సగాన్ని లాభంగా చూపించుకునే వీలు డాక్టర్లకు ఉంది. అది మీకు లాభమో నష్టమో ఆడిటరు చెప్తాడు.

మీవారి గురించి ఒక్క మాట, ఏమీ అనుకోకపోతే. ఆయన మంచివారే, మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. కానీ బ్యాంకు నుంచి రాగానే మీ కౌంటర్లో కూర్చునే ఏర్పాటు పెట్టుకోకండి. డాక్టరమ్మ భర్త క్యాష్ చూసుకునే క్లినిక్కులు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. కొన్నాళ్లకు ఫీజు ఎవరికి వదిలేయాలో, ఏ ల్యాబుకు పంపాలో కూడా కౌంటర్లోనే తేలిపోతుంది. అకౌంటు మీ పేరు మీద, యూపీఐ క్యూఆర్ మీ పేరు మీద, ఫీజు తీసుకోవద్దని చెప్పే అధికారం మీ ఒక్కరిదే. చివరి పేషెంటు వెళ్లేదాకా నర్సో ఆయానో ఉండి తీరాలి. రిసెప్షన్లో సీసీ కెమెరా పెట్టించండి. పేషెంట్లకు వేరే నంబరు ఇచ్చి, రాత్రి పది దాటితే అది ఆపేసి, అత్యవసరానికి ఏ ఆసుపత్రికి వెళ్లాలో చీటీ వెనకే అచ్చు వేయించండి.

ఫీజు అడిగారు. ఊళ్లో ఎండీ ఫిజీషియన్లు ఎంత తీసుకుంటున్నారో కనుక్కుని అంతే పెట్టండి. తక్కువ పెడితే పేషెంట్లు వస్తారనుకోకండి. "కొత్త డాక్టరు, అందుకే తక్కువ" అనుకుంటారు, తర్వాత పెంచితే గొణుగుతారు. చీటీ గడువు మాత్రం షుగరు, బీపీ వాళ్లకు నెల పెట్టండి. మందు మార్చిన పదిహేనో రోజున మళ్లీ 300 కట్టాలంటే ఆగిపోయే మనిషి, ఊరికే చూస్తారంటే వస్తాడు. ఆ రెండోసారి చూస్తేనే డోసు సరిపోయిందో లేదో మీకు తెలుస్తుంది. ఇవ్వలేనివాళ్ల దగ్గర తీసుకోకండి. ఆ సంగతి రిసెప్షన్ పిల్లకు చీటీ మీద చిన్న టిక్కుతో తెలిసేలా చూడండి, పదిమందిలో వాళ్లు అడగాల్సిన పని లేకుండా.